వరసకి పెద్దమ్మ

మా ఇంట్లో గది అద్దెకి అడగడానికి వచ్చినవాళ్ళకి మా అమ్మాయి రెండే ప్రశ్నలు వేస్తుంది. వంట ఎంతసేపు చేస్తారు, బట్టలు ఏ రోజు ఉతుక్కుంటారు. ఆ హైతీ అబ్బాయి రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పి, తిరిగి తనే ఒకటి అడిగాడు. పొద్దున ఏడింటికి హాల్లో కూర్చుని ఫోన్ మాట్లాడుకోవచ్చా అని. గదిలో సిగ్నల్ సరిగా రాదని అప్పటికే కనిపెట్టాడు. మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ వేళకి హాల్లో ఉండేది నేనే, డైరీ రాసుకుంటూ. నాకేం అభ్యంతరం లేదన్నాను.

డైరీలో పేర్లు, తేదీలు, ఎవరు ఏ బస్సు దిగి వచ్చారో కూడా రాసుకునే మనిషిని. ఇక్కడ మాత్రం ఒక్క పేరూ రాయను. ఇందులో ఒకావిడ ఇప్పటికీ ఒక తలుపు వెనక ఉంది.

నేను బెజవాడ ట్రంక్ ఎక్స్ఛేంజిలో చేరి, అందులోనే సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ట్రంక్ కాల్స్ నడిచిన రోజుల్లో అవతలివాళ్ళు "హలో" అన్న తీరుని బట్టే ఏ జిల్లా మనిషో పందెం కాసేవాళ్ళం. నా భార్య పోయాక సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ నా ఉనికి ఆమె పేరు మీద ఇచ్చిన విజిట్ పాస్. దాని గడువు దగ్గర పడ్డప్పుడల్లా ఇంట్లో అందరం కొంచెం మెల్లగా మాట్లాడుకుంటాం. కిటికీ ఎదురుగా డ్రైవరు లేని చిన్న రైలు మలుపు తిరుగుతూ ఉంటుంది. బయల్దేరిన స్టేషనుకే తిరిగి వస్తుంది.

అబ్బాయి అంటున్నాను గానీ అతనికి ముప్ఫై దాటాయి. ఇక్కడి యూనివర్సిటీలో సముద్రపు నీటి మీద పరిశోధన చేస్తున్నాడు. ఏడింటికి అతను మాట్లాడేది తల్లితో. వాళ్ళకీ మనకీ పన్నెండు గంటల తేడా. గడియారం ముళ్ళు కదపక్కర్లేదు, మన పొద్దుటి ఏడు వాళ్ళకి సాయంత్రం ఏడు. ఆ సౌకర్యం నాకు భలే నచ్చింది. వాళ్ళ భాషలో నాకొక్క ముక్క రాదు. అయినా ఆవిడ గొంతుని బట్టి చెప్పగలను, ఆ రోజు బయటికి వెళ్ళిందో లేదో. వెళ్ళని రోజున మాటలు పొడుగ్గా సాగేవి.

కొడుకు చదువు కోసం ఆవిడ సరిహద్దు దాటి పక్క దేశానికి వెళ్ళింది. హైతీ, డొమినికన్ రిపబ్లిక్ రెండూ ఒకే దీవి మీద ఉన్న దేశాలని నాకు అతను చెప్పేదాకా తెలియదు. ఆవిడ అక్కడి ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి బట్టలు ఉతికింది. ఇప్పుడు వాళ్ళ సొంత ఊరు తుపాకులు పట్టుకున్న ముఠాల చేతిలో ఉంది, తిరిగి వెళ్ళే దారి లేదు. ఉన్న ఊళ్ళోనేమో హైతీవాళ్ళని వీధుల్లో పట్టి, లారీలు ఎక్కించి సరిహద్దు అవతల దింపేస్తున్నారు. అతను తల్లి దగ్గరికి వెళ్ళలేడు. పాస్‌పోర్టు గడువు తీరిపోతోంది. కొత్తది ఇవ్వడానికి వాళ్ళ ఎంబసీ ఈ ఊళ్ళో లేదు. ఒకసారి సింగపూర్ దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. తల్లి ఆ గదిలో, కొడుకు ఈ గదిలో. మధ్యలో ఏడింటి ఫోను.

ఉగాదికి మా అమ్మాయి కొన్ని కుటుంబాలని భోజనానికి పిలిచింది. ఊరికి అటు చివర ఉన్న యూ టీ పేట నుంచి ఒక తెనాలి కుర్రాడు భార్యతో వచ్చాడు. బ్యాంకులో పని. స్పెయిన్‌లో చదువుకుంటున్నప్పుడు పరిచయమై చేసుకున్న పెళ్ళి. ఆ అమ్మాయిది డొమినికన్ రిపబ్లిక్. పెళ్ళయిన కొత్తలో ఏడాదిపాటు తెనాలిలో అత్తగారి దగ్గర ఉండి, అచ్చం అత్తగారి యాసలోనే తెలుగు నేర్చుకుంది. వాళ్ళ మామగారు, నేను చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివాం. అందుకని నన్ను బాబాయ్ గారూ అంటుంది. మనిషి గుమ్మంలోకి రాగానే వరస తెలియాలన్నది వాళ్ళ అత్తగారి పట్టుదల. ఆవిడ దగ్గర పిన్ని, పెద్దమ్మ, మేనత్త అన్నీ ఎక్కాల్లాగా అప్పజెప్పించుకుందట.

ఆ అమ్మాయి రంగు చామనఛాయ కంటే ముదురు. వంటింట్లో ఎవరో, అచ్చం మన పిల్లలాగే ఉందే అన్నారు. "నేను పెళ్ళికి ముందునుంచే ఇండియన్‌ని ఆంటీ," అంది. "మా దేశంలో నల్లగా ఉన్నవాళ్ళని నలుపు అని రాయరు. మా అమ్మ పాత గుర్తింపు కార్డులో రంగు అన్నచోట 'ఇండియన్' అని ఉంది. నలుపంటే హైతీవాళ్ళే, మేం కాదు." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అప్పుడే మా హైతీ అబ్బాయి గదిలోంచి బయటికి వచ్చాడు.

నాకు మహా సరదా వేసింది. ఇంత దూరంలో ఒకే దీవి మనుషులు మా హాల్లో ఎదురుపడ్డారు. సోమాలియాలో తెలుగువాడు కనబడితే మనం ఏం చేస్తాం? ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, వరస కలుపుతాం. నేనూ అదే చేశాను. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, "మీరు ఒకే దీవివాళ్ళు. ఇతను నీకంటే పెద్దవాడు, అన్నయ్య అవుతాడు," అన్నాను ఆమెతో.

ఆమె పులిహోర తింటున్న చెయ్యి ఆపేసింది. "బాబాయ్ గారూ, మీకు ఎవరూ ఏమీ చెప్పలేదనుకుంటా," అంది.

నేనేమన్నానని అతను అడిగాడు. అన్నయ్య అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పాను. అతను ఆ మాటని ఒకసారి నోట్లో తిప్పి చూసుకున్నాడు. చెల్లెలు ఉండటం మంచిదే అంకుల్, అన్నాడు, మా అమ్మ వాళ్ళ వీధిలో నడిచినప్పుడు లారీకి ఫోన్ చెయ్యకుండా ఉంటే చాలు.

ఆమె తెలుగులోనే, నాతోనే మాట్లాడింది. అతని ముఖం చూడలేదు. "మా అక్క ఆసుపత్రిలో మంచం దొరక్క నేలమీద కన్నది. మంచాలన్నీ ఎవరితో నిండిపోయాయో మీ అబ్బాయినే అడగండి. ఫోన్లు చేసేది మేం కాదు. చేసేవాళ్ళని తిట్టే ఓపిక కూడా మాకు లేదు."

మా అమ్మాయి లేచి, అక్కర్లేకపోయినా అందరి గ్లాసుల్లో నీళ్ళు పోసింది. ఆ భోజనం అలా అయిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ తెనాలి కుర్రాడు చెప్పులు వేసుకుంటున్నవాడిలా వంగి, ఆమె దగ్గర హైతీ సంగతి మాత్రం ఎత్తకండి బాబాయ్ గారూ అని గొణిగాడు.

ఆ తర్వాత అతను చెబితేనే కొంత తెలిసింది. వాళ్ళ తాతల కాలంలో ఆ సరిహద్దులో పెద్ద ఊచకోత జరిగిందట. కొత్తిమీరలాంటి ఒక ఆకుని చూపించి, దీన్నేమంటారో చెప్పమనేవారట సైనికులు. ఆ మాటలో 'ర' ఉంది. హైతీవాళ్ళ నాలుకకి ఆ 'ర' తిరగదు, గొంతులోనుంచి వస్తుంది. తిరగనివాళ్ళని చంపేశారు. ఇప్పుడు చంపడం లేదు గానీ, మాట పట్టుకోవడం మాత్రం మిగిలింది, అందుకే మా అమ్మ కొట్లో కూడా వేలు చూపించి కొంటుంది అన్నాడు. "హలో" మీద పందేలు కాసిన నేను ఆ రోజు డైరీలో ఏమీ రాయలేకపోయాను.

రకరకాల దేశాల్లో ఉన్న హైతీవాళ్ళు, డొమినికన్లు కొందరు కలిసి ఫోన్లలో ఒక గుంపు కట్టుకున్నారు, అతనూ అందులో ఉన్నాడు. తలుపు తీసే ఇళ్ళు వెతకడం వాళ్ళ పని. ఏ ఊళ్ళో ఏ డొమినికన్ కుటుంబం ఒక మనిషిని కొన్నాళ్ళు దాచుకుంటుంది అని కనుక్కుంటారు. వేరే ఊళ్ళల్లో వాళ్ళు వీధిలో నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడుతున్నారు కూడా. ఇక్కడ అది కుదరదు. అలా నిలబడటానికని ఇచ్చిన పార్కు ఒకటి ఉంది, కానీ అందులోనూ పరాయి దేశంవాళ్ళు నిలబడకూడదు. అతను రూల్సు చదివి, మడిచి పెట్టేశాడు. అతనికి మిగిలింది మా డైనింగ్ టేబుల్.

మా అమ్మాయికి ఇది తెలిసి భయపడింది. ఆమె పౌరసత్వం దరఖాస్తు అప్పుడే పెట్టుకుంది. "నాన్నా, మన ఇంట్లో మీటింగులు వద్దు. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? నీ పాస్ ఏమవుతుంది?" అంది. నలుగురుంటే మీటింగు, ఇద్దరు ఫోన్ మాట్లాడుకుంటే మీటింగు ఎలా అవుతుందన్నాను. "నువ్వు పక్కన కూర్చుంటున్నావుగా, ముగ్గురయ్యారు," అంది. నవ్వలేదు. ఆమె తప్పేం లేదు. ఆ ఇల్లు, ఆ కుర్చీ, నేను అన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి.

ఇలా ఉండగా ఒక పొద్దున తల్లి ఫోన్ చాలా పొట్టిగా ముగిసింది. హైతీవాళ్ళకి ఇల్లు అద్దెకిస్తే జరిమానా పడుతుందని ఇంటివాడు గది ఖాళీ చెయ్యమన్నాడు. వారం గడువు. ఫోన్ గుంపులో ఎంత అడిగినా ఆ ఊళ్ళో తలుపు తీసే ఇల్లు ఒక్కటీ దొరకలేదు. ఆ ఊరి పేరు విని నాకు గుర్తొచ్చింది. యూ టీ అమ్మాయి పుట్టిల్లు అదే ఊరు. తల్లి ఒక్కతే మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది.

అతనితో చెప్పకుండా రైళ్ళు మారి యూ టీ వెళ్ళాను. ఆమె తన బ్లాకు కింద కాఫీ కొట్లో కలిసింది. ఎవరో టిష్యూ పేపర్ల పొట్లం పెట్టి టేబుల్ ఆపుకుంటే, దాన్ని పక్కకి జరిపి నన్ను కూర్చోబెట్టింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె చాలాసేపు వాళ్ళ అమ్మ ఇబ్బందులే చెప్పింది. కింద వాటాలో ఉన్నవాళ్ళు మంచివాళ్ళు కాదు. మేనమామ పోలీసు. అమ్మకి బీపీ. పైగా హైతీవాళ్ళంటే అమ్మకి చిన్నప్పటినుంచీ భయం, అన్నం తినకపోతే హైతీవాడొచ్చి ఎత్తుకుపోతాడని పిల్లల్ని బెదిరించిన మనిషి. నేను అన్నింటికీ తల ఊపాను. అన్నీ నిజాలే.

కాఫీ చల్లారిపోయింది. "ఆ రోజు మీరు ఊరికే అన్నారా బాబాయ్ గారూ?" అని అడిగింది.

ఏది అన్నాను.

"అన్నయ్య అని. మా అత్తగారు వరస ఊరికే కలపకూడదంటుంది. కలిపితే చావుకీ పెళ్ళికీ వెళ్ళాలంటుంది. మీరు పదిమందిలో కలిపేశారు. ఇప్పుడు చెప్పండి, వాళ్ళమ్మ నాకేమవుతుంది?"

నాకు జవాబు తెలుసు. ఏ తెలుగు పిల్లకైనా తెలుసు. కానీ అది నోటితో చెప్పడం, ఎక్కడో ఉన్న ఒక ముసలావిడ ఇంటి తలుపు నేను తియ్యడం లాంటిదని అప్పుడు అర్థమైంది. ఉగాది రోజున అంత తేలిగ్గా అన్న మాట. వెనక్కి తీసుకోవడానికీ లేదు, ముందుకి తొయ్యడానికీ నోరు రాలేదు.

"పెద్దమ్మ," అన్నాను చివరికి.

"అదే నాకూ వచ్చింది," అంది. సరేనని అనలేదు, కాదని అనలేదు. లేచి వెళ్ళిపోయింది.

మూడోనాడు పొద్దున ఏడింటికి ముందు మా ఇంటి బెల్లు మోగింది. ఆమె లోపలికి వచ్చి టేబుల్ దగ్గర కూర్చుని, వాళ్ళ అమ్మకి ఫోన్ కలిపింది. అతను పళ్ళు తోముకుంటున్నవాడు బ్రష్షు పట్టుకునే వచ్చాడు. తల్లీకూతుళ్ళు స్పానిష్‌లో పోట్లాడుకున్నారు, అరగంటసేపు. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు గానీ, ఆ భాష మధ్యలో "పెద్దమ్మ" అన్న మాట ఒకసారి వినపడింది. దానికి వాళ్ళ భాషలో మాట లేదట. అవతల ఆవిడ అదేమిటని అడిగింది. ఈమె వివరించింది. తర్వాత ఆవిడ ఏదో పొట్టిగా అని ఫోన్ పెట్టేసింది.

"వంట ఆవిడే చేసుకోవాలంది మా అమ్మ. నా గిన్నెలు ముట్టుకోవద్దంది," అని ఆమె అతనితో చెప్పింది. అతను బ్రష్షు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

అలా ఆవిడ ఆ మేడమీద ఇంటికి చేరింది. తర్వాత మా ఏడింటి ఫోనులో రెండు గొంతులు వినిపించేవి. గిన్నెల గొడవ నిలవలేదు గానీ కొత్త గొడవలు వచ్చాయి. వచ్చినావిడ ఇంట్లో ఉన్న దుప్పట్లు, తెరలు, చివరికి మేనమామ అక్కడ ఉంచిన యూనిఫాం కూడా చెప్పకుండా ఉతికేసిందని ఇంటావిడ ఫిర్యాదు. చేతులు కట్టుకుని కూర్చోలేను, కిటికీ దగ్గరికి పోనివ్వరు, ఇంకేం చెయ్యను అని ఈవిడ. యూ టీ అమ్మాయి వారానికి రెండుమూడుసార్లు పొద్దునే వచ్చేది. అతన్ని అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టింది, మొదట్లో వెక్కిరింతగా. అతను ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు, వచ్చావా, ఇవాళ లారీ దొరకలేదా అని. ఇద్దరూ ఆ మాటకి నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

యూ టీ అమ్మాయి కూడా ఉన్న ఒక రోజు అతని తల్లి ఏదో చెబుతూ చెబుతూ ఆపేసింది. కుక్క మొరిగింది. కింద తలుపు మీద దబదబా బాదారు. ఫోను కట్ కాలేదు. ఎవరో దాన్ని గుడ్డల మీద బోర్లా పెట్టినట్టు చప్పుడు ముద్దగా వినపడింది. అతను ముందుకి వంగి నోరు తెరిచాడు. నేను చెయ్యి చాపి ఫోనులో మన గొంతు వెళ్ళకుండా బొత్తం నొక్కేశాను. ఎక్స్ఛేంజి బోర్డు మీద లైన్ తెరిచి ఉన్నప్పుడు ఆపరేటర్ ఊపిరి కూడా అవతలికి వెళ్ళకూడదు. అన్నేళ్ళు చేసిన పని, చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

మెట్ల మీద బూట్లు. యూ టీ అమ్మాయి నాకోసం తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా చెప్పసాగింది. "లోపల ఎవరని అడుగుతున్నారు. అమ్మ, మా అక్క అంటోంది. అక్కని పిలవమంటున్నారు. అమ్మ..." ఆగింది. "మా అక్కకి మాట పడిపోయింది అంటోంది."

తర్వాత మెల్లగా అడుగుల చప్పుడు. ఆవిడ వచ్చి వాళ్ళ ముందు నిలబడి ఉంటుంది. పేరేమిటని అడుగుతున్నారు, మళ్ళీ అడుగుతున్నారు. ఒక్క అక్షరం బయటికి వస్తే చాలు. టేబుల్ ఇవతల ఆ కొడుకు తన నోటిని రెండు చేతులతో మూసుకుని కూర్చున్నాడు, తన నోరు తెరుచుకుంటే అక్కడ ఆవిడ నోరు తెరుచుకుంటుందన్నట్టు. ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని మా అమ్మాయి నడవాలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

ఉన్నట్టుండి ఇంటావిడ గొంతు లేచింది. రోగిష్టి మనిషిని నిలబెట్టి అడుగుతారా, మీకు అక్కచెల్లెళ్ళు లేరా, మా తమ్ముడు మీ డిపార్టుమెంటులోనే ఉన్నాడు, వాడి యూనిఫాం అదిగో ఆరేసి ఉంది చూడండి అని తిట్టిపోసిందట. బూట్లు దిగిపోయాయి. మళ్ళీ వస్తామని చెప్పి మరీ దిగారు.

మా అమ్మాయి ఆ రోజు ఆలస్యంగా వెళ్ళింది. మీటింగుల సంగతి ఆ తర్వాత ఎత్తలేదు. ఎత్తకపోవడం ఒప్పుకోవడమో, భయపడటమో నేను అడగలేదు.

అసలు గొడవ మర్నాడు వచ్చింది. మళ్ళీ వస్తామన్నారు కాబట్టి ఇంటావిడ ఒక ఏర్పాటు చేసింది. తను బజారుకో చర్చికో వెళ్ళేటప్పుడు బయటి గడియకి తాళం కప్ప వేసి వెళుతుంది. వచ్చినవాళ్ళు ఎవరూ లేరనుకుని పోతారు. లోపల ఆవిడ దీపం వెయ్యకుండా, కుళాయి తిప్పకుండా కూర్చోవాలి.

అతను కుర్చీలోంచి లేచాడు. మా అమ్మని తాళం పెట్టి ఉంచుతారా అన్నాడు. మీవాళ్ళకి అదొక్కటే వచ్చునన్నాడు, పట్టుకోవడమో లేకపోతే తాళం వెయ్యడమో. ఆమె ముఖం ఎర్రబడింది. మా అమ్మ నిన్న బూట్లకి ఎదురు నిలబడింది, నువ్వు ఇక్కడ కుర్చీలో కూర్చున్నావు అంది. అతను మళ్ళీ కూర్చున్నాడు. ఆమె అన్నందుకు బాధపడింది గానీ వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. తాళం తియ్యమంటే దొరికిపోతుంది. ఉంచమంటే ఒక కొడుకు ఎదురుగా కూర్చుని అతని తల్లిని బంధించమనడం. వరస కలిపింది నేను, పెద్దవాణ్ణి నేను.

"ఆవిడనే అడుగుదాం," అని ఆమే అంది.

ఫోన్ కలిపారు. అతను తల్లితో వాళ్ళ భాషలో మాట్లాడాడు, ఆవిడ నెమ్మదిగా జవాబు చెప్పింది. అతను మాకు ఇంగ్లీషులో చెప్పాడు. తాళం వెయ్యమంది. కానీ రెండో తాళంచెవి తన దగ్గర ఉండాలంది.

ఆ కప్ప బయటి గడియకి పడుతుంది. లోపలినుంచి చెయ్యి అందే సందు లేదు. చెవి చేతిలో ఉన్నా ఆవిడ ఆ తలుపు తియ్యలేదు. ఆ సంగతి అతను తల్లికి విడమరిచి చెప్పాడు. నాకు తెలుసు, తలుపు వేసేటప్పుడు చూశానుగా అందట ఆవిడ. ఇంటావిడ అటునుంచి ఏదో సణిగింది, తర్వాత సొరుగు లాగిన చప్పుడు వినపడింది.

ఇప్పుడు ఆ తాళంచెవి ఆవిడ మెడలో దారానికి ఉంది. మాట్లాడేటప్పుడు గౌను బొత్తానికి తగిలి సన్నగా చప్పుడవుతుంది. ఏడింటికి ఫోను కలిశాక అతను మొదట ఏమీ మాట్లాడడు. ఆ చప్పుడు వినపడేదాకా ఆగుతాడు. మేమూ ఆగుతాం.